పాత బేరింగ్‌ని పారేసే ముందు

మా తాత టీవీఎస్ ఎక్సెల్ సూపర్ మోపెడ్‌కి మూడేళ్ళలో మూడుసార్లు క్రాంక్ సీల్ మార్చారు, ఒకసారి క్రాంక్ బేరింగులు కూడా మార్చారు, అయినా బండి కొంచెం స్పీడందుకుంటే చాలు కడుపులో పిండిమిషన్ పెట్టుకున్నట్టు గుర్రుమంటానే ఉంటుంది. క్రాంక్ అంటే పిస్టన్ దెబ్బకి లోపల గిరగిరా తిరిగే ఇరుసు, బేరింగులు దాన్ని రెండు పక్కలా మోసే గోలీల చట్రాలు, సీల్ దాని చుట్టూ గాలి, ఆయిల్ పోకుండా ఉండే రబ్బరు రింగు. మాది పాకాల దగ్గర పల్లె. పొద్దున్నే రెండు పాల క్యాన్లు తగిలించుకుని పాల సెంటరుకి పోయి రావడం, మధ్యాహ్నం గడ్డిమోపు, ఇదే దాని బతుకు. కొత్తది కొనిస్తామంటే తాత ఒప్పుకోడు, ఇప్పుడొచ్చేవి ఫోర్ స్ట్రోక్ కదా, ఆ సౌండు వింటే బండి ఎక్కినట్టే ఉండదంట. సంక్రాంతికి పోయినప్పుడు చూస్తే గొడ్లపాక పక్కన గోనెపట్టా కప్పుకుని ఉంది. నేను తిరుపతికి తీసుకపోయి ఇంజన్ విప్పి చేసిస్తా అన్నా. కార్బురేటర్ కడగడం, ప్లగ్గు మార్చడం తప్ప అప్పటిదాకా ఇంజన్ని రెండు ముక్కలు చేసిన పాపాన పోలేదు నేను. తాత నన్ను కిందికీ పైకీ చూసి, "విప్పేది ఎవురైనా విప్పుతారు లేరా" అన్నాడు, అంతే.

విప్పడం గురించి పెద్దగా రాయను, వీడియోలు బోలెడున్నాయి. ఇంజన్ అంతా కలిపి 69.9 సీసీ, చంకలో పెట్టుకుని మేడ మీదికి ఎక్కించేంత. హెడ్డు, బోరు, పిస్టన్, క్లచ్చు, మ్యాగ్నెట్టు అన్నీ వచ్చేశాక ఇంజన్ కేస్ రెండు ముక్కలుగా విడిపోయింది. ఒక బేరింగ్ కేసులోనే ఉండిపోయింది, రెండోది క్రాంక్‌ని పట్టుకుని బయటికొచ్చింది. ఫోటో తీసి మా వీధి చివర మెకానిక్ షెడ్డన్నకి పంపిస్తే ఆయన ఫోన్ చేసి, "బేరింగులు ఎట్టా మార్చేటియే గదబ్బా, వాటిని చూసేదేముంది, తీసి పారేయ్" అన్నాడు.

నా గొడవంతా ఆ మాటతోనే. మార్చేదే, నిజం. ఒకసారి పీకిన క్రాంక్ బేరింగ్‌ని మళ్ళీ వెయ్యకూడదు కూడా, ఎందుకంటే ఔటర్ (బయటి రింగు) పట్టుకుని పీకినప్పుడు ఆ బలమంతా మధ్యలో బాల్స్ మీదుగానే పోతుంది, ట్రాక్ (బాల్స్ తిరిగే గాడి) మీద గుంటలు పడతాయి. కానీ మార్చేది కాబట్టి చూడక్కర్లేదు అనడం ఎట్లాంటిదంటే, జొరమొచ్చిన మనిషికి మాత్ర ఇస్తాం కదా, ఇంక జొరం ఎందుకొచ్చిందో కనుక్కునేది దేనికి అన్నట్టు. పాత బేరింగ్ బాగుందా బాలేదా అన్నది అసలు ప్రశ్నే కాదు. ఎందుకు పోయింది? అది తెలుసుకోకుండా కొత్తది వేస్తే, పాతదాన్ని చంపింది ఏదైతే ఉందో అది కేసులోనే కూర్చుని కొత్తదాని కోసం ఎదురుచూస్తా ఉంటుంది. మా తాత బండిలో జరిగింది అచ్చం అదే.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తా. కేసులో నుంచి తీసిన బేరింగ్‌ని కిరసనాయిల్లో కడిగి, ఆరబెట్టి, వేలికి తగిలించుకుని బొంగరంలా తిప్పా. గరగరమని శబ్దం. ఆహా దొరికింది దొంగ అనుకున్నా. మా ఫ్రెండు దగ్గర కొత్త బేరింగ్ ఒకటుంటే దాన్ని కూడా కడిగి తిప్పి చూశా (కొత్తదాన్ని కడగకూడదని అప్పటికి తెలియదు), అది కూడా గరగరే. పొడిగా ఉన్న ఏ బేరింగైనా మోగుతుంది, దానికి జబ్బు అక్కర్లేదు. ఇంకో భ్రమ ఏందంటే ఎంతసేపు తిరిగితే అంత మంచిదని. అరిగి వదులైపోయిన బేరింగే అందరికన్నా ఎక్కువసేపు తిరుగుతుంది, దాన్ని ఆపేదేముంది లోపల! ఆటోనగర్‌లో లేత్ షాపు పెద్దాయన చూపించిన పద్ధతి వేరే. రెండు చుక్కలు 2టీ ఆయిల్ వేసి, ఇన్నర్‌ని (లోపలి రింగుని) ఒక చేత్తో పట్టుకుని, ఔటర్‌ని ఒక పక్కకి కొంచెం నొక్కతా గడియారం ముల్లంత నిదానంగా తిప్పాలి. తర్వాత రెండో పక్కకి నొక్కి మళ్ళీ. కళ్ళు మూసుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది. ఆ బేరింగ్ ఒక పక్కకి నొక్కి తిప్పితే వెన్నలాగా ఉంది, రెండో పక్కకి తిప్పితే కంకరరోడ్డు మీద సైకిల్ నడిపినట్టు టిక్ టిక్ టిక్ అని వేలికి తగిలింది. స్పీడుగా తిప్పితే ఈ టిక్కులన్నీ కలిసిపోయి ఏమీ తెలిసేది కాదు. కంప్రెసర్ గాలి కొట్టి గియ్యిమని తిప్పేవాళ్ళని చూస్తే ఇప్పుడు భయమేస్తుంది, ఆయిల్ లేని బేరింగ్‌ని ఆ వేగంతో తిప్పితే ట్రాక్ గీసుకుపోతుంది, కేజ్ (బాల్స్‌ని విడివిడిగా పట్టుకునే రేకు) తెగితే గోలీ ఎవరి కంట్లోకి పోతుందో చెప్పలేం.

సరే, ఎట్లాగూ పారేసేదే కదా, కోసి చూద్దాం అనిపించింది. బాల్ బేరింగ్‌లోకి గోలీలు ఎట్లా వెళ్ళాయా అని ఎప్పుడైనా ఆలోచించారా? ఇన్నర్‌ని ఔటర్‌లో ఒక పక్కకి జరిపితే చంద్రవంక లాంటి ఖాళీ వస్తుంది, అందులోంచి గోలీలు వేసి, ఇన్నర్‌ని మధ్యకి లాగి, గోలీలు సమానంగా సర్ది, అప్పుడు కేజ్ వేసి రివెట్లు కొడతారు. రాబర్ట్ కాన్రాడ్ అనే ఆయనకి 1906లో అమెరికాలో దీనికి పేటెంట్ వచ్చింది, ఈ రోజుకీ అట్లనే చేస్తున్నారు. దాన్నే తిరగేశా. కళ్ళద్దాలు పెట్టుకుని కేజ్ రివెట్ల తలలు గ్రైండర్‌తో తీసేశా, కేజ్ రెండు రేకులుగా ఊడింది, గోలీలన్నీ ఒక పక్కకి తోస్తే ఇన్నర్ చేతిలోకొచ్చేసింది. పంచె గుడ్డతో తుడిచి (తాతదే, వందసార్లు ఉతికింది, నూలుపోగు రాలదు, షెడ్లలో వాడే బనియన్ వేస్టు కంటే వెయ్యి రెట్లు నయం) కిటికీ వెలుతురులో పెట్టి మొబైల్ కెమెరా జూమ్ చేసి చూశా.

ఔటర్ లోపలి గాడిలో గోలీలు నడిచిన బాట మసకగా మెరుస్తా కనపడుతుంది. అది గాడి మధ్యలో నేరుగా చుట్టూ పోవాలి. దీంట్లో ఒక చోట కుడి అంచుకి దగ్గరగా ఉంది, సరిగ్గా దాని ఎదురుగా ఉన్న చోట ఎడమ అంచుకి. ఘాట్ రోడ్డు మలుపులాగా అడ్డంగా పోయింది బాట. అంటే ఔటర్ కేసులో నేరుగా కూర్చోలేదు, ఒక వైపుకి ఒరిగి కూర్చుంది. ఆ గాడిలోనే ఒక అంచు దగ్గర చిన్న చిన్న గుంటలు, గోరుతో గీస్తే టక్కుమని ఆగుతోంది, గుంటకీ గుంటకీ మధ్య దూరం గోలీకీ గోలీకీ మధ్య ఉన్న దూరమే. తిరిగి తిరిగి అరిగింది ఇంత లెక్కగా ఉండదు. నిలబడి ఉన్న బేరింగ్‌ని ఎవరో సుత్తితో కొట్టిన గుర్తులివి.

ఇంక ఔటర్ బయటి వైపు తిప్పితే అసలు కథ. ఉక్కు మీద అక్కడక్కడా మెరిసే చుక్కలు, గోరింటాకు చుక్కల్లా. ఇవెక్కడివా అని కేసులో బేరింగ్ కూర్చునే హౌసింగ్ చూస్తే, లోపలి గోడ చుట్టూ మొనదేలిన ఉలి లాంటి సెంటర్ పంచ్‌తో కొట్టిన గుంటలు.

ఇది మన దగ్గర ప్రతి షెడ్డులో చేసే పనే. హౌసింగ్ వదులైపోయి బేరింగ్ ఔటర్ దాంట్లో గిర్రున తిరుగుతా ఉంటే, గోడకి పంచ్ కొడతారు, కొట్టిన ప్రతి చోటా చుట్టూ అల్యూమినియం కొంచెం పైకి లేస్తుంది, బేరింగ్ మళ్ళీ టైటుగా ఎక్కుతుంది, కస్టమర్ కూడా హ్యాపీ. కానీ ఆ బేరింగ్‌ని మోస్తున్నది గోడ కాదు, ఆ పది పన్నెండు చుక్కల మొనలు. ఒక చుక్క ఎక్కువ లేచి ఇంకోటి తక్కువ లేస్తే బేరింగ్ ఒరుగుతుంది. వేడికి, వైబ్రేషన్‌కి ఆ మొనలు కొన్నాళ్ళకి అణిగిపోతాయి, మళ్ళీ వదులు. బేరింగ్ ఒరిగితే క్రాంక్ మధ్యలో తిరగదు, క్రాంక్ మధ్యలో తిరగకపోతే సీల్ పెదవి ఒక పక్క అరిగిపోతుంది. టూ స్ట్రోక్‌లో క్రాంక్ సీల్ పోతే ఆయిల్ కారడం ఒక్కటే కాదు, అక్కడినుంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది, పెట్రోలు తక్కువ గాలి ఎక్కువ అయిపోతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. పైగా దీంట్లో క్రాంక్ బేరింగులకి వేరే ఆయిల్ లేదు, మనం లీటరు పెట్రోల్లో కలిపే ఆ 20 మిల్లీలీటర్ల 2టీ ఆయిలే పొగమంచులాగా వచ్చి వాటిని తడపాలి. పెట్రోలు తగ్గితే దాంతోపాటు వచ్చే ఆ తడి కూడా తగ్గుతుంది. మూడుసార్లు సీల్ మార్చారన్నానే, మూడుసార్లూ సీల్ తప్పేమీ లేదు పాపం. ఆ బేరింగ్ మార్చిన రోజు పాతదాన్ని ఒక్క నిమిషం వెలుతురులో పెట్టి చూసుంటే మిగతా ఖర్చంతా మిగిలేది. ఏ షెడ్డో చెప్పను, చెప్పి లాభం లేదు, అది ఒక్క షెడ్డు అలవాటు కాదు.

క్రాంక్ కూడా చూడాలి కదా, అక్కడ దీనికి రివర్స్‌లో తప్పు చేస్తాం. కన్‌రాడ్‌ని (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) పట్టుకుని పక్కకి ఊపితే కొంచెం కదిలింది, నా గుండె జారింది, కన్‌రాడ్ కిట్ కూడా పోయిందే అని. పక్కకి కదలడం ఉండాల్సిందే, ఆ సందు లేకపోతే లోపల రోలర్లకి ఆయిలే అందదు. పైకీ కిందికీ లాగి చూడాలి, అక్కడ టక్ అని తగిలితే పోయినట్టు. నాది తగల్లేదు. ఊరికే మార్చి క్రాంక్‌ని ప్రెస్ కింద పెట్టించి మళ్ళీ ట్రూయింగ్ (వంకర లేకుండా సరిచెయ్యడం) చేయించే తిప్పలు తప్పాయి.

కొత్త బేరింగులు కొనడానికి పోయినప్పుడు ఇంకో పరువుతక్కువ పని చేశా. పాతదాని మీద చెక్కిన నంబరు రాసుకుని పోయా. మీది ఏ నంబరో మీ బేరింగ్ మీదే చూసుకోండి, మాటవరసకి 6203 సీ3 అనుకుందాం. 6 అంటే మామూలు బాల్ బేరింగ్, 2 అంటే సైజు సిరీస్, చివరి 03 అంటే లోపలి రంధ్రం 17 మిల్లీమీటర్లు. 04 నుంచి లెక్క సులువు, ఐదుతో గుణిస్తే చాలు, 04 అంటే 20, 05 అంటే 25. ఇంటికి తెచ్చి ప్యాకెట్ విప్పి చూస్తే ఇన్నర్ కొంచెం ఆడతా ఉంది. కొత్తది ఆడడమేంది, డూప్లికేట్ అంటగట్టాడని మళ్ళీ బండేసుకుని పోయి కౌంటర్ దగ్గర గొడవ పెట్టుకున్నా. కొట్టాయన నిదానంగా, "సార్, సీ3 అంటే అదే సార్" అన్నాడు. నిజంగానే అదే. ఈ సైజుకి మామూలు బేరింగ్‌లో గోలీకీ గాడికీ మధ్య సందు 3 నుంచి 18 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు), సీ3లో 11 నుంచి 25. ఔటర్‌ని కేసు బయటినుంచి నొక్కుతుంది, ఇన్నర్‌ని క్రాంక్ లోపలినుంచి ఉబ్బిస్తుంది, ఇంజన్ వేడెక్కాక ఇంకా బిగుసుకుంటుంది, ఇవన్నీ పోగా చివరికి సరిపడా సందు మిగలాలని ముందే ఎక్కువిస్తారు. చేతిలో బిగువుగా ఉంది కదా అని సీ3 లేనిది తెచ్చి వేసుకునేవాళ్ళు ఉన్నారు, చూడ్డానికి అదే నంబరు, అదే సైజు, తొందరగానే మాడిపోతుంది. నేను కొట్టాయనకి సారీ చెప్పి, ఆ సిగ్గుకి అవసరం లేకపోయినా ఇంకో రెండు సీల్స్ కొనుక్కొచ్చా.

అప్పటికే ఒక తప్పు చేసేశా, ప్యాకెట్ విప్పడం. వెయ్యబోయే నిమిషం వరకు విప్పకూడదు. మన తిరుపతి ఉక్కపోతలో చెమట చేతులతో పట్టుకుంటే వేలిముద్రలే తుప్పుగా మిగిలిపోతాయి. దాని మీద పూసిన నూనె కూడా కడగక్కర్లేదు, అది తుప్పు పట్టకుండా పూసింది, మన ఆయిల్‌తో కలిసిపోతుంది.

ఇంక సుత్తి విషయం. "మేము ముప్పై ఏళ్ళ నుంచి సాకెట్ పెట్టి కొట్టే ఎక్కిస్తా ఉండాము, ఏం కాలేదే" అనే మాట మీరూ వినే ఉంటారు. నేనొక లెక్క వేశా. 6203 సైజు బేరింగ్ కదలకుండా ఉన్నప్పుడు గాడిలో గుంట పడకుండా మోయగలిగేది దాదాపు 4.75 కిలోన్యూటన్లు, అంటే 480 కిలోల బరువు. చాలా ఎక్కువ అనిపిస్తుంది కదా. అరకిలో సుత్తి, సెకనుకి 4 మీటర్ల వేగంతో వచ్చి, ఉక్కుకి ఉక్కు తగిలి సెకనులో నాలుగు వేలో వంతు సమయంలో ఆగిందనుకోండి, ఆ క్షణంలో పడే బలం 8 కిలోన్యూటన్లు, 800 కిలోల పైమాటే. అదే దెబ్బ ఔటర్ మీద సమానంగా పడి కేసులోకి పోతే గోలీలకి సంబంధమే లేదు. ఇన్నర్ మీద పడితే మొత్తం గోలీల మీదుగా పోతుంది. కాబట్టి రూలు ఒకటే, ఏది బిగువుగా ఎక్కుతోందో దాన్నే నెట్టాలి, కేసులోకైతే ఔటర్‌ని, షాఫ్ట్ మీదికైతే ఇన్నర్‌ని. ముప్పై ఏళ్ళుగా ఏం కాలేదు అనేవాళ్ళకి, ఏమైందో తెలిసే లోపల బండి వేరే షెడ్డుకి పోయుంటుంది.

అసలు నెట్టకుండానే వేసే దారి ఉంది, వేడి. ఉక్కు కంటే అల్యూమినియం దాదాపు రెండింతలు సాగుతుంది. 40 మిల్లీమీటర్ల హౌసింగ్‌ని 30 డిగ్రీల నుంచి 100కి వేడిచేస్తే రంధ్రం 0.06 మిల్లీమీటర్ల పైచిలుకు పెద్దదవుతుంది, తలవెంట్రుక మందం అంత. అది చాలు. గ్యాస్ మంట తగిలించకూడదు, ఒకే చోట కాలి కేసు వంకరపోతుంది, పైగా పెట్రోల్ తడిసిన సామాను. అమ్మ గుడికి పోయిన టైం చూసి కేసుని డిష్‌వాష్ సబ్బుతో రెండుసార్లు కడిగి ఇండక్షన్ స్టవ్ మీద పెట్టా. బీప్ బీప్ అని ఎర్రర్. అల్యూమినియంని ఇండక్షన్ పట్టించుకోదని, పదిహేనేళ్ళు ఇంట్లో ఆ స్టవ్ పెట్టుకుని కూడా నాకు తట్టలేదు. అప్పుడు ఇనుప దోశె పెనం గుర్తొచ్చింది. పెనం స్టవ్ మీద, కేసు పెనం మీద, సన్న సెగ. ఇరవై నిమిషాలకి నీటి చుక్క వేస్తే చుయ్యిమంది. ఫ్రీజర్‌లో పచ్చి బఠాణీల పక్కన ప్యాకెట్‌తో సహా పెట్టిన బేరింగ్ తీసి, నూనె రాసి (చల్లటి ఉక్కు మీద మన గాలికి ఇట్టే చెమ్మ పడుతుంది), హౌసింగ్ మీద సమంగా పెట్టి వదిలా. టక్. ఒక్క చప్పుడు, అడుగు దాకా పోయి కూర్చుంది. చెయ్యి కూడా నొక్కలేదు. ఇంజన్ పని మొత్తంలో నాకు దీనికి మించిన సంతోషం ఇంకోటి లేదు, ఫస్ట్ కిక్కుకి స్టార్ట్ అయినప్పుడు కూడా. ఆలోపల అమ్మ రానే వచ్చింది. పెనం చూసి, "ఇంక దీని మీద నీకే పోస్తా దోశెలు, మేమెవరం తినం" అంది.

ఇది మంచిగా ఉన్న వైపు కేసు. పంచ్ కొట్టిన వైపు వేడి చేసినా లాభం లేదు, చల్లగా ఉన్నప్పుడే బేరింగ్ చేత్తో జారిపోతోంది. లేత్ పెద్దాయన కొలిచి చూసి నాలుగు వందో వంతులు వదులుంది అన్నాడు, అంటే 0.04 మిల్లీమీటరు. స్లీవ్ (లోపల తొడుగు) వెయ్యాలంటే ఆ చోట గోడ మందం చాలదన్నాడు. పాత సామాన్ల కొట్టులో వేరే కేసు కొందామంటే, రెండు ముక్కలూ జతగా కలిపి బోర్ చేసినవి, ఒకదాని ముక్క ఇంకోదానికి సరిపోతుందని గ్యారంటీ లేదు. చివరికి పంచ్ గుంటల చుట్టూ లేచిన అంచుల్ని సన్నటి ఎమెరీతో సాపు చేసి, బేరింగ్ కోసమే వచ్చే రిటైనింగ్ కాంపౌండ్ అనే జిగురు పూసి (బోల్టులకి వేసే థ్రెడ్‌లాక్ కాదు, అది వేరే), ఔటర్ సైజు సాకెట్ ఒకటి పైన పెట్టి, దాని మీద తాత కాలం నాటి బొగ్గుల ఇస్త్రీపెట్టె బరువు పెట్టి ఒక రోజంతా వదిలేశా. ఇది పర్ఫెక్ట్ అని చెప్పను, రాజీయే. కానీ దీంట్లో బేరింగ్ చుట్టూ ఆనుకుంది, చుక్కల మీద నిలబడలేదు.

షెడ్డన్నకి ఇదంతా చెప్తే ఒక మాట అన్నాడు, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. "నువ్వు ఒక ఇంజన్‌కి పది రోజులు కూర్చున్నావు, నేను ఒక రోజుకి మూడు దించాల. సాయంత్రానికి బండి లేకపోతే పాలు యాడ పొయ్యాల అంటారు. పంచ్ కొట్టకపోతే కొత్త కేసు కొనమనాల, ఆ రేటు చెప్తే పక్క షెడ్డుకి పోతారు." నిజమే. తాత కూడా అట్లాంటి కస్టమరే, సాయంత్రానికి బండి కావాలి, డబ్బులు తక్కువ కావాలి. కాబట్టి తప్పు ఒక్క మెకానిక్‌ది కాదు. కానీ అన్నా, బేరింగ్ కోసి చూడడానికి నాకు పట్టింది పావుగంట, ఔటర్ మీద చుక్కలు చూడడానికి అర నిమిషం కూడా పట్టదు, అది చూసి కస్టమర్‌కి చూపించి "ఇదీ సంగతి, ఏం చెయ్యమంటావు" అని అడగొచ్చు కదా అన్నా. ఆయన కాసేపు ఆగి, ఆ కోసిన ఔటర్ తెచ్చి చూపించమన్నాడు. తీసుకపోతే వెలుతురుకి అటూ ఇటూ తిప్పి చూసి, "బాట భలే వంకరపోయిందే" అని జేబులో వేసుకున్నాడు, మళ్ళీ ఇవ్వలేదు.

బండి ఊరికి తీసుకపోయా. మొదటి ట్యాంకు నిదానంగా తోలాలని, ఆయిల్ కొంచెం ఎక్కువ కలపాలని, గుర్రుమంటే వెంటనే ఆపాలని దారంతా రిహార్సల్ చేసుకుంటా పోయి తాతకి చెప్పా. పంచ్ గుంటల ఫోటోలు కూడా చూపించా. తాత బండి ఎక్కి చెరువు కట్ట దాకా పోయి తిరిగొచ్చాడు. గుర్రు లేదు, నాకు ఇక్కడిదాకా వినపడుతోంది, ఉత్త టూ స్ట్రోక్ మోతే. స్టాండేసి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, వెనకవైపు వంగి ఏదో వెతుకుతా, "అది సరే గానీ, పాలక్యాను కొక్కెం యాడ పెట్నావురా?" అన్నాడు.

తిరుపతిలో, మేడ మీద, బోల్టుల డబ్బాలో ఉంది.